ఆన్‌లైన్ క్రిప్టిక్ హంట్: ఆట నియమాలు, స్కోరు లెక్క, ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సినవి

నానీమా అడిగే పహేలీ అయినా, బళ్లో పంతులుగారు అడిగే పొడుపు కథ అయినా మన ఇళ్లలో కొత్తేం కాదు. చెప్పేది ఒకటి, దాని వెనక దాగి ఉండేది ఇంకొకటి. ఇదే ఆట ఇప్పుడు ఇంటర్నెట్‌లోకి వచ్చింది. దాన్నే ఆన్‌లైన్ క్రిప్టిక్ హంట్ అంటున్నారు. ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ కాలేజీల ఫెస్టులు జరిగే రోజుల్లో పిల్లలు రెండు రాత్రులు ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఈ ఆటలో తెలివి ఎంత ముఖ్యమో నియమాల పేజీ కూడా అంతే ముఖ్యం. స్కోరు ఎలా లెక్కిస్తారో తెలియక వెనకబడిన జట్లు, చిన్న నియమం తప్పి అనర్హత పొందిన జట్లు ప్రతి హంట్‌లోనూ కనిపిస్తాయి. డబ్బు కట్టి ఆడే ఆట ఏది, ఉచితంగా ఆడే ఆట ఏది అన్నది కూడా ఆ పేజీలోనే తేలుతుంది. అందుకే ఆట ఎలా నడుస్తుంది, స్కోరు ఎలా వస్తుంది, పెద్దవాళ్లు ఏం గమనించాలి అన్నవి ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం.

ఆట అంటే ఏమిటి

హంట్ అంటే వరుసగా పేర్చిన పజిళ్లు. ఒక్కో పజిల్‌ను లెవెల్ అంటారు. పేజీ తెరిస్తే ఒక బొమ్మ, రెండు మూడు మాటలు, కింద జవాబు రాసే పెట్టె ఉంటాయి. ప్రశ్న మాత్రం ఎక్కడా ఉండదు. ప్రశ్న ఏమిటో కనిపెట్టడమే సగం ఆట. సరైన జవాబు టైప్ చేస్తే తర్వాతి లెవెల్ తెరుచుకుంటుంది. కొన్ని ఆటల్లో జవాబు పెట్టె కూడా ఉండదు, పేజీ అడ్రస్‌లో చివరి మాటను మనమే మార్చి ముందుకెళ్లాలి.

ఇలాంటి ఆటల్లో ప్రపంచమంతా పేరున్నది 'నాట్‌ప్రాన్'. జర్మనీకి చెందిన డేవిడ్ మ్యూనిష్ 2004లో దీన్ని మొదలుపెట్టారు. మొత్తం 140 లెవెల్స్. మన దేశంలో ఐఐఎం ఇండోర్ విద్యార్థులు నడిపే 'క్లూలెస్' బాగా తెలిసిన పేరు. అమెరికాలోని ఎంఐటీలో 1981 నుంచి జరుగుతున్న 'మిస్టరీ హంట్' వీటన్నిటికీ పెద్దన్న లాంటిది. అది క్యాంపస్‌లో జరిగే ఆట. కోవిడ్ వల్ల 2021, 2022లో మాత్రం ఆన్‌లైన్‌లో జరిగింది.

ఒక లెవెల్ ఎలా ఉంటుంది

ఉదాహరణకు పేజీలో విమానం బొమ్మ ఉందనుకుందాం. పేజీ పైన పేరు ఉండే చోట 8-25-4 అని ఉంది. బొమ్మ ఫైల్ పేరు చూస్తే 2008 అని ఉంది. ఇంకేం లేదు.

ఇంగ్లిష్ అక్షరాలను వరుసగా లెక్కపెడితే 8వది హెచ్, 25వది వై, 4వది డీ. మూడూ కలిపితే హైదరాబాద్ ఎయిర్‌పోర్టు కోడ్. విమానం బొమ్మ ఉంది కాబట్టి ఇది ఊరు గురించి కాదు, ఎయిర్‌పోర్టు గురించి. కానీ హైదరాబాద్‌కు ఒకప్పుడు బేగంపేట, ఇప్పుడు శంషాబాద్. ఏది రాయాలి? దానికే 2008. ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు మారింది ఆ ఏడాది మార్చిలోనే. కాబట్టి జవాబు శంషాబాద్.

ఇందులో మూడు సంగతులు గమనించాలి. ఒకటి, పేజీలో ఏదీ ఊరికే పెట్టరు. రెండు, ఒక్క క్లూతో జవాబు వచ్చేసినట్టు అనిపించినా మిగిలిన క్లూలతో సరిపోవాలి. మూడు, బేగంపేట అని తొందరపడి కొట్టేస్తే కొన్ని హంట్లలో స్కోరు తగ్గుతుంది. అది ఎలాగో కింద చూద్దాం.

తరచుగా వచ్చే కోడ్‌లు

అక్షరాన్ని అంకెగా మార్చడం మన వాళ్లకు కొత్త విద్య కాదు. అబ్జద్ లెక్కలో అలిఫ్‌కు 1, బేకు 2, జీమ్‌కు 3, దాల్‌కు 4. బిస్మిల్లాకు 786 అనే సంఖ్య వచ్చింది ఈ లెక్క నుంచే. పాత మసీదులు, మఖ్బరాల మీద ఫార్సీ, ఉర్దూ కవులు కట్టిన సంవత్సరాన్ని పద్యంలోని అక్షరాల మొత్తంగా దాచిపెట్టేవారు. హంట్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో చేసేది కూడా అదే పద్ధతి.

రోమ్‌లో జూలియస్ సీజర్ వాడిన కోడ్‌లో ప్రతి అక్షరాన్ని మూడు స్థానాలు జరిపేవారు. ఈ తరహా కోడ్ దాదాపు ప్రతి హంట్‌లో వస్తుంది. ఎన్ని స్థానాలు జరిపారో తెలియకపోతే 25 రకాలూ ప్రయత్నించి చూడొచ్చు. ఒక్కో అక్షరానికి ఇష్టమొచ్చిన ఇంకో అక్షరం పెడితే మాత్రం ఆ దారి పనిచేయదు. దానికి విరుగుడు చెప్పింది తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన అల్ కిందీ. ఒక భాషలో ఏ అక్షరం ఎక్కువగా వస్తుందో లెక్కపెట్టి, రహస్య రాతలో ఎక్కువగా వచ్చే గుర్తుతో పోల్చి చూడమన్నాడు. ఇంగ్లిష్‌లో ఎక్కువగా వచ్చే అక్షరం 'ఈ'. ఇప్పుడు హంట్ ఆడే పిల్లలు ఆన్‌లైన్ టూల్స్‌తో చేసే పని వెనక ఉన్నది ఆయన ఆలోచనే.

ఇవి కాక మోర్స్ కోడ్, బ్రెయిలీ చుక్కలు, సున్నా ఒకట్ల బైనరీ, రంగుల కోడ్‌లు వస్తుంటాయి. చివర ఒకటో రెండో సమాన గుర్తులున్న పొడుగాటి అక్షరాల మూట కనిపిస్తే అది చాలావరకు బేస్ 64. బొమ్మ ఫైల్‌లో తీసిన తేదీ, చోటు లాంటి వివరాలు దాగి ఉండొచ్చు. ఒక జాగ్రత్త: ఆ బొమ్మను వాట్సాప్‌లో మామూలు ఫొటోగా ఫ్రెండ్‌కు పంపితే ఈ వివరాలు పోతాయి. ఎవరికి వాళ్లు అసలు పేజీ నుంచే దించుకోవాలి.

ఎక్కడెక్కడ వెతకాలి

ముందు పేజీ పేరు, ఆ తర్వాత పేజీ అడ్రస్, బొమ్మ, బొమ్మ ఫైల్ పేరు చూడాలి. చివరగా పేజీ సోర్స్. కంప్యూటర్‌లో పేజీ మీద రైట్ క్లిక్ చేసి సోర్స్ చూస్తే, తెర మీద కనిపించని మాటలు అందులో ఉంటాయి. తెల్ల కాగితం మీద తెల్ల సిరాతో రాసినట్టు పేజీలోనే కనిపించకుండా పెట్టిన మాటలూ ఉంటాయి. పేజీ మొత్తం సెలెక్ట్ చేస్తే అవి బయటపడతాయి. ఫోన్‌లో ఇవన్నీ చూడటం కష్టం. ఈ ఆటకు కంప్యూటర్ ఉంటేనే మేలు.

సాధారణ నియమాలు

ప్రతి హంట్‌కు సొంత నియమాలుంటాయి. అయినా దాదాపు అన్నిట్లో కనిపించేవి ఇవి.

జవాబు రాసే తీరు: సాధారణంగా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా, చుక్కలు గీతలు లేకుండా రాయాలి. రెండు మాటల పేరైనా కలిపే రాయాలి. జవాబు తెలిసి కూడా మధ్యలో ఖాళీ వదిలి గంటసేపు ఆగిపోయేవాళ్లు ఉంటారు. స్పెల్లింగ్ విషయంలో వికీపీడియాలో ఉన్నదే చెల్లుతుందని కొందరు నిర్వాహకులు ముందే రాస్తారు.

ఒక మనిషికి ఒకే అకౌంట్: రెండో అకౌంట్‌తో జవాబులు పరీక్షించి, మొదటి దాంతో సబ్మిట్ చేయడం మోసం కిందే లెక్క.

జట్టు పరిమితి: ఒంటరిగా ఆడాలా, ఇద్దరు ముగ్గురు కలిసి ఆడొచ్చా అన్నది రాసి ఉంటుంది. ఒంటరి ఆటలో భాయిజాన్, ఆపా పక్కన కూర్చుని సాయం చేయడం కూడా నియమం తప్పడమే.

జవాబు చెప్పకూడదు: గ్రూపుల్లో జవాబులు, పెద్ద పెద్ద క్లూలు పెడితే చెప్పినవాళ్లనీ, తీసుకున్నవాళ్లనీ ఇద్దరినీ తీసేస్తారు. చాలా హంట్లు ఒక్కో అకౌంట్ నుంచి వచ్చిన తప్పు జవాబుల్ని కూడా దాచిపెడతాయి. అయిదు లెవెల్స్ ఒక్క తప్పూ లేకుండా రెండు నిమిషాల్లో దాటిన అకౌంట్ నిర్వాహకుల కంట్లో పడక మానదు.

గుడ్డిగా కొట్టకూడదు: వేల జవాబుల్ని ప్రోగ్రామ్‌తో పంపడం నిషేధం. సైటు దెబ్బతింటుంది, ఆట కూడా పాడవుతుంది.

సర్వర్ జోలికి వెళ్లకూడదు: పేజీ సోర్స్ చూడటం ఆటలో భాగం. అడ్మిన్ పాస్‌వర్డ్ పగలగొట్టడం, డేటాబేస్‌లోకి దూరడం ఆట కాదు. అనుమతి లేకుండా మోసపూరితంగా కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడితే 2000 నాటి ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కాలేజీ ఫెస్టే కదా అనుకోవడానికి లేదు.

ఏఐ వాడకం: కొన్ని హంట్లు ఏఐ చాట్‌బాట్‌లను అనుమతిస్తాయి, కొన్ని వద్దంటాయి. ఏమీ రాయకపోతే ఆడే ముందే నిర్వాహకుల్ని అడగడం మంచిది.

స్కోరు లెక్కించే పద్ధతులు

ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. ప్రధానంగా నాలుగు పద్ధతులున్నాయి.

మొదటిది, మెట్ల పద్ధతి. ఎవరు పై లెవెల్‌లో ఉంటే వాళ్లే ముందు. ఇద్దరూ ఒకే లెవెల్‌లో ఉంటే ఆ లెవెల్‌కు ముందు చేరినవాళ్లు ముందు. ఉదాహరణకు ఎ జట్టు 21వ లెవెల్‌కు ఆదివారం సాయంత్రం 4:10కి, బి జట్టు అదే లెవెల్‌కు 3:55కి చేరాయి. సి జట్టు 20వ లెవెల్‌కు మధ్యాహ్నం 2 గంటలకే చేరి అక్కడే ఆగింది. వరుస బి, ఎ, సి. మొదటి పది లెవెల్స్ ఎవరు ఎంత వేగంగా దాటారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. చివరిగా ఉన్న మెట్టు, దానికి చేరిన టైమ్, ఈ రెండే లెక్క. ఆట మొదలైన టైమ్ అందరికీ ఒకటే కాబట్టి ఆరు గంటలు ఆలస్యంగా కూర్చున్నవాళ్లకు ఆ ఆరు గంటలూ నష్టమే.

రెండోది, తప్పుకు టైమ్ కలిపే పద్ధతి. ఇది ఐసీపీసీ ప్రోగ్రామింగ్ పోటీల నుంచి వచ్చింది. ముందు ఎన్ని పజిళ్లు విప్పారో చూస్తారు. అవి సమానమైతే ఒక్కో పజిల్ విప్పడానికి ఆట మొదలైనప్పటి నుంచి ఎన్ని నిమిషాలు పట్టిందో అన్నీ కూడతారు. విప్పిన పజిల్‌లో ఒక్కో తప్పు జవాబుకు 20 నిమిషాలు కలుపుతారు. మొత్తం తక్కువ ఉన్నవాళ్లదే గెలుపు.

లెక్క చూద్దాం. ఎ జట్టు అయిదు పజిళ్లను 15, 40, 70, 100, 140 నిమిషాల దగ్గర విప్పింది. మొత్తం 365. మధ్యలో నాలుగు తప్పులు చేసింది కాబట్టి 80 కలిపి 445. బి జట్టు 20, 50, 85, 120, 155 నిమిషాల దగ్గర విప్పింది. మొత్తం 430, తప్పుల్లేవు. ప్రతి పజిల్‌లోనూ వెనకే ఉన్న బి జట్టు చివరికి 15 నిమిషాల తేడాతో గెలిచింది. బేగంపేట అని తొందరపడి కొట్టేస్తే జరిగే నష్టం ఇదే.

మూడోది, తగ్గే పాయింట్ల పద్ధతి. ఎక్కువమంది విప్పిన కొద్దీ ఆ పజిల్ విలువ తగ్గుతుంది. ఒక పజిల్ 500 పాయింట్లతో మొదలై, కనీసం 100 వరకు, 20 మందికి దిగేలా పెట్టారనుకుందాం. ఎక్కువగా వాడే సూత్రం ప్రకారం మొదటివారి తర్వాత ఇంకో 5 మంది విప్పితే విలువ 475, 10 మందికి 400, 15 మందికి 275, 20 మందికి 100. మొదట్లో మెల్లగా, తర్వాత గబగబా పడుతుంది. ముఖ్యమైన సంగతి ఏంటంటే, సాధారణంగా ఈ కొత్త విలువ ముందు విప్పినవాళ్లకూ వర్తిస్తుంది. నిద్రపోయే ముందు 500 ఉన్న స్కోరు ఫజర్‌కు లేచి చూస్తే 275 అయిందంటే ఎవరూ మోసం చేసినట్టు కాదు, పజిల్ అందరికీ వచ్చేసిందని అర్థం. ఈ పద్ధతిలో తేలిక పజిళ్లు పోగేసినవాళ్ల కంటే ఎవరికీ రాని ఒకటి రెండు విప్పినవాళ్లే పైకి వస్తారు.

నాలుగోది, స్కోరే లేని పద్ధతి. ఎంఐటీ మిస్టరీ హంట్‌లో చిన్న పజిళ్ల జవాబులన్నీ కలిపితే ఒక పెద్ద పజిల్ అవుతుంది. దాన్ని మెటా అంటారు. అన్నీ విప్పి చివర దాచిన నాణేన్ని ముందు కనిపెట్టినవాళ్లే విజేతలు. వాళ్లకు వచ్చే బహుమతి మరుసటి ఏడాది హంట్‌ను తయారుచేసే బాధ్యత. నాట్‌ప్రాన్‌లోనైతే గడియారమే లేదు. నెలల తరబడి తీరిగ్గా ఆడుకోవచ్చు.

హింట్ తీసుకోవాలా

హింట్లు రెండు రకాలు. ఒకటి, అందరికీ ఒకేసారి ఇచ్చేది. దీనికి పాయింట్లు పోవు, కానీ వెనక ఉన్నవాళ్లకు లాభం ఎక్కువ. రెండోది, పాయింట్లు ఇచ్చి కొనుక్కునేది. 100 పాయింట్ల పజిల్‌లో హింట్ ఖరీదు 30 అయితే, హింట్‌తో విప్పినా 70 మిగులుతాయి. అసలు విప్పకపోతే సున్నా. గంట దాటినా ఒక్క అడుగూ పడకపోతే 30 వదులుకోవడం నష్టం కాదు. కానీ హింట్ తీసుకుని కూడా విప్పలేకపోతే కొన్ని హంట్లలో ఆ 30 అప్పటికే ఉన్న స్కోరు నుంచి పోతాయి. ఈ ఒక్క వాక్యం నియమాల్లో ఉందో లేదో చూసుకునే హింట్ బటన్ నొక్కాలి.

ఫీజు, బహుమతి, చట్టం

ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఇది జూదం కాదు కదా బేటా?" అని. అడగాల్సిన ప్రశ్నే. కాలేజీ హంట్లు చాలావరకు ఉచితం. బహుమతి స్పాన్సర్లో, కాలేజీయో ఇస్తుంది. అలా కాకుండా ఆడేవాళ్లందరి దగ్గర తలా ఇంత వసూలు చేసి, ఆ మూటే గెలిచినవాళ్లకు ఇస్తున్నారంటే సంగతి వేరు. అక్కడ ఒకరి లాభం మిగతావాళ్ల నష్టం నుంచి వస్తోంది. షరియత్ ప్రకారం ఏది ఖిమార్ కిందికి వస్తుందో చెప్పాల్సింది ఉలమాలు. వాళ్లను అడిగేటప్పుడు ఫీజు ఎంత, బహుమతి ఎవరి జేబు నుంచి వస్తోంది అన్న రెండు వివరాలూ చెప్పాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటికీ ఒకే గీత గీసింది. గెలుస్తామన్న ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆట నైపుణ్యంతో కూడినదైనా, అదృష్టంతో కూడినదైనా నడపకూడదు. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంది. పందెం కాని ప్రవేశ రుసుముతో సరదాకు ఆడే ఆటలకు చోటిచ్చింది. "మాది తెలివి ఆట, జూదం కాదు" అనే మాట ఒక్కటే ఇప్పుడు చెల్లదన్నమాట.

మోసాల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. హంట్‌లో పేరు నమోదుకు పేరు, ఈమెయిల్, కాలేజీ వివరాలు చాలు. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు, ఓటీపీ అడిగితే అక్కడే ఆగిపోవాలి. "మీరు గెలిచారు, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అనేది బహుమతి కాదు, వల. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ఆడే ముందు చూసుకోవాల్సినవి

ఆట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది, ఆ రోజుల్లో పరీక్షలున్నాయా. ఒంటరి ఆటా, జట్టు ఆటా. జవాబు ఏ తీరులో రాయాలి. తప్పు జవాబుకు శిక్ష ఉందా. స్కోరు సమానమైతే ఎవరిని ముందు పెడతారు. హింట్ ఖరీదు ఎంత, విప్పకపోయినా పోతుందా. ఏఐ వాడొచ్చా. ఫీజు ఉందా, బహుమతి డబ్బు ఎక్కడిది. అభ్యంతరం ఉంటే ఎవరికి, ఎంతసేపటిలో చెప్పాలి.

ఇవన్నీ చదవడానికి పది నిమిషాలు చాలు. ఇంట్లో మొదటిసారి ఆడేవాళ్లుంటే ఆ పది నిమిషాలు పెద్దవాళ్లు పక్కన కూర్చుని కలిసి చదవడం మంచిది. గడియారం లేని నాట్‌ప్రాన్ లాంటి ఆటలో మొదటి కొన్ని లెవెల్స్‌తో చేయి తిప్పుకుని, ఆ తర్వాత పోటీ హంట్‌లోకి దిగితే తొందరపాటు తప్పులు తగ్గుతాయి.